ఇరవై కాళ్ల రొయ్య

ఆయన పోయిన సంగతి నాకు ఫోన్‌లో తెలిసింది. ఫోన్ మీద ఆయనకున్న కోపం ఎరిగినవాళ్లకు ఇందులో ఎంత అన్యాయం ఉందో అర్థమవుతుంది. పొద్దున ఆఫీసుకు వెళ్తూ బస్సులో పాత స్టూడెంట్ల గ్రూపు తెరిస్తే ఆయన ఫొటో, దాని చుట్టూ బంతిపూల దండ, ఆ దండలో పూలు మెల్లగా ఊగుతూ ఉన్నాయి. కింద ‘మన సారు ఇక లేరు’ అని రాసి ఉంది. ఏడుపుకన్నా ముందు నాకొచ్చిన ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఈ దండను ఆయన చూస్తే ఊరుకోడు అనుకున్నాను. పూలన్నీ ఒకేసారి, ఒకే వైపుకు ఊగుతున్నాయి మరి. “గాలి ఒక్కో పువ్వును ఒక్కో రకంగా తాకతాది గదమ్మా. అన్నిటికీ కలిపి ఒకే గాలి పెట్టినారేంది, బద్ధకం కాకపోతే?” అని తప్పకుండా అనేవాడు. ఆ మాట ఆయన గొంతుతోనే వినపడింది. తర్వాత కండక్టరు టికెట్ అడిగితే నేను దిగాల్సిన స్టాపు పేరు నాకు గుర్తు రాలేదు.

కోట అనే ఊరి బజారులో ఎరువుల కొట్టు పైన, మేడ మీద, ఆయన కంప్యూటర్ సెంటరు ఉండేది. నేనక్కడ నాలుగేళ్లు టైపింగూ డీటీపీ చెప్పాను. చేరేటప్పటికే నాకు పెళ్లయి, పాపకు మూడేళ్లు. ఊళ్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ రొయ్యల సారు. ఆయన రొయ్యలు పెంచలేదు, అమ్మలేదు, చివరికి తినడం కూడా మానేశాడు. గీసేవాడు, అంతే. “అంత దగ్గరగా మొహం చూసినాక నోట్లో ఎట్టా పెట్టుకునేది?” అనేవాడు. ఆయన భార్య సముద్రం ఒడ్డున ఉన్న జువ్వలదిన్నె ఆడపడుచు. పుట్టింటి నుంచి ఎండు రొయ్యలు వచ్చిన రోజున ఆమె వంటింటి తలుపు మూసుకుని వండుకుని, తలుపు మూసుకునే తినేది. తలుపు తీసి బయటికొచ్చాక మాత్రం, “ఈ ఇంట్లో రొయ్యకున్న మర్యాద నాకు లేదు” అని మేడ మెట్ల దాకా వినపడేలా చెప్పేది.

ఆయన గీసే పనిముట్టు పేరు ఫ్లాష్. ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. ఒకప్పుడు కంప్యూటర్లో ఏ బొమ్మ కదిలినా, ఏ ఆట ఆడినా, నొక్కితే పలికే ఏ పాఠం ఉన్నా చాలావరకు దానితో చేసిందే. అలా చేసినవి ఇంటర్నెట్‌లో కనపడాలంటే మనం వాడే బ్రౌజరుకు చిన్న తోక ఒకటి తగిలించాలి. ప్లగ్ఇన్ అంటారు దాన్ని. ఆ తోక అప్పట్లో లేని కంప్యూటరు లేదు. ఆయన ఆ ఫ్లాష్‌తో రొయ్యల రైతులకోసం పాఠాలు చేశాడు. ఎవరూ చెయ్యమనలేదు. సెంటరుకు వచ్చే పిల్లల తండ్రులంతా రొయ్యల గుంటల దగ్గర పనిచేసేవాళ్లే. మేత ఎక్కువేసి ఒకడు, నీళ్లకు గాలి పట్టించే ఏరియేటరు ఆలస్యంగా తిప్పి ఒకడు పంట పోగొట్టుకుని, ఆ బాధ ఈయన ముందు చెప్పుకునేవాళ్లు. విని విని ఒకరోజు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అలా పన్నెండేళ్లు కూర్చున్నాడు.

టైపింగు క్లాసులు లేని వేళల్లో రంగులు వెయ్యడం నా పని. మొదటివారమే నేను వేసిన రొయ్యను చూసి కళ్లజోడు నుదుటి మీదికి తోశాడు. ఏదో తప్పు దొరికిందని దానర్థం.

“ఏమ్మా, ఎన్ని కాళ్లు పెట్టినావు?”

“కాళ్లు... పక్కకి ఆరు సార్.”

“నడిచేవి అయిదు జతలు. ఈదేవి అయిదు జతలు. మొత్తం ఇరవై. దేవుడు ఇచ్చినవాటిని తీసేయడానికి నువ్వెవరు, నేనెవరు?”

తెర మీద ఆ రొయ్య నా చిటికెన వేలి గోరంత ఉంటుంది సార్, కాళ్లెవరు లెక్కపెడతారు అన్నాను. రొయ్యకు తెలుస్తుంది అన్నాడు. నవ్వకుండా అన్నాడు. ఇరవై కాళ్లూ గీశాను. అవి ఈదేటప్పుడు వెనక జత తర్వాత దాని ముందు జత అలలాగా కదలాలి, అన్నీ ఒకేసారి కొట్టుకోకూడదు. అది కుదరడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. టీ తెచ్చిన ఆయన భార్య నా అవస్థ చూసి, “తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని లోకమంతా అంటే, మా ఆయన పట్టినదానికి ఇరవై. అదే తేడా. పట్టు మాత్రం అదే పట్టు” అంది.

పెద్ద తెర ఫోన్లు వచ్చిన కొత్తలో ఒక గుంట ఆసామి ఉత్సాహంగా మెట్లెక్కి వచ్చాడు. “సారూ, మీ పాఠం ఇందులో తెరవండి. కట్ట మీదే చూసుకుంటా, ఊరికే ఈడికి వచ్చే పని లేకుండా” అన్నాడు. సారు పాఠం ఉన్న ఇంటర్నెట్ చిరునామా కొట్టాడు. రొయ్య ఉండాల్సిన చోట బూడిదరంగు డబ్బా ఒకటి వచ్చింది, ఖాళీది. ఫోన్‌ను అడ్డం తిప్పాడు. నిలువు తిప్పాడు. చొక్కా అంచుతో తుడిచాడు.

“ఇది చిన్న ఫోను” అన్నాడు చివరికి.

“కాదు సారూ, అంగట్లో ఉన్నవాటిల్లో పెద్దది ఇదే.”

“తెర పెద్దదే. బుద్ధి చిన్నది.”

ఆ రోజు నుంచి లోకానికీ ఆయనకూ ఒక వాదం నడిచింది. ఫోన్లో ఆడని ఫ్లాష్ ఎన్నాళ్లు బతుకుతుంది అని లోకం అడుగుతోంది. ఫ్లాష్ ఆడని ఫోను ఎన్నాళ్లు బతుకుతుంది అని ఆయన అడుగుతున్నాడు. “లోకంలో బొమ్మలన్నీ దీంతోనే కదలతా ఉండాయి. ఇంతమందిని కాదని అదెట్టా నిలబడతాది? ఫోనే దిగొస్తాది, చూడండి” అని మెట్లెక్కి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఎవరైనా ఎదురు చెబితే ఆయన దగ్గర ఒక సామెత సిద్ధంగా ఉండేది, సొంతంగా కట్టుకున్నది. “పడవ చిన్నదైతే సముద్రాన్ని తగ్గించుకోమంటామా?”

ఆయన భార్య పడవలున్న ఇంట్లో పుట్టింది. ఆమె ముందు ఆ సామెత చెల్లలేదు. “సముద్రం దాని మానాన అది ఉంటాది. పడవలో పట్టే వల యేసుకోని పోవాల. మా నాయన అట్టనే పోయినాడు, అట్టనే వచ్చినాడు” అంది. సారు ఆ పూట టీలో చక్కెర తక్కువైందని ఫిర్యాదు చేశాడు.

నేను ఒక మధ్యేమార్గం చెప్పాను. పాఠాన్ని వీడియోగా తీసి ఇద్దాం సార్, అన్ని ఫోన్లలో వస్తుంది అన్నాను. ఆయన నాకు కుర్చీ చూపించి కూర్చోబెట్టాడు. ఆయన పాఠంలో ఒక గుంట ఉంటుంది. మేత ఎంత వెయ్యాలో మీరే నొక్కి వెయ్యాలి. ‘రెండు గంటల తర్వాత’ అని తెర మీద వస్తుంది, అప్పుడు గుంటలో దించిన చెక్ ట్రే పైకి లాగి చూడాలి. అందులో మేత మిగిలి ఉన్నా మీరు మళ్లీ అంతే వేస్తే నీళ్లు పచ్చబడతాయి, తర్వాత నల్లబడతాయి, రొయ్యలు వెల్లకిలా పడతాయి. అప్పుడు సారు గొంతు వినపడుతుంది. “రొయ్యలు పోయినాయి. మళ్లీ మొదలుపెట్టు.” తిట్టు లేదు, వెక్కిరింపు లేదు. అన్నం పెట్టి కూర వడ్డించేవాళ్ల గొంతు అది.

“వీడియో అంటే ఏందమ్మా? నేను చెప్తా ఉంటాను, వాడు ఊ కొడతా ఉంటాడు. తప్పు చేసేదానికి అందులో చోటు యాడుండాది? గుంటలో తప్పు చేస్తే పంట పోతాది, వాడి ఏడాది పోతాది. నా దాంట్లో తప్పు చేస్తే ఏం పోతాది? ఇంకోసారి నొక్కుతాడు” అన్నాడు.

ఫోన్ విషయంలో ఆయన చెప్పిందంతా తప్పయింది. ఈ ఒక్క మాట మాత్రం నిజం. నాకు ఆ రోజే తెలుసు నిజమని.

మధ్యలో ఒకసారి ఆయన గెలిచాడు కూడా. కొన్నాళ్లు కొన్ని రకాల ఫోన్లలో ఫ్లాష్ ఆడింది. ఆ సంగతి తెలిసిన రోజే గూడూరు పోయి అలాంటి ఫోను కొనుక్కొచ్చాడు. సెంటరులో అందరికీ మైసూరుపాకు పంచాడు. పాఠం తెరిచాడు. గుంట కనపడింది, రొయ్య కనపడింది, ఇరవై కాళ్లూ కనపడ్డాయి. ఒక కాలు కదిపి కాసేపు ఆలోచించుకుని ఇంకో కాలు కదుపుతోంది, అంతే తేడా. ఈలోపు ఫోను వేడెక్కింది. చేతులు మార్చుకుంటూ పట్టుకున్నాడు. చివరికి చేతిరుమాల్లో పట్టుకున్నాడు. “కాసేపు ఉంచండి, దోసె పోస్తా” అంది ఆయన భార్య. అయినా ఆ రెండు నెలలూ ఆయన నడక మారిపోయింది. ఫోన్‌ను చొక్కా పై జేబులో, అందరికీ కనపడేలా పెట్టుకుని తిరిగాడు. ఒకరోజు ఆ ఫోను, అప్‌డేట్ అవ్వమంటావా అని అడిగింది. ఆయన మర్యాదస్తుడు, సరే అన్నాడు. ఫోను ఆరి వెలిగింది. రొయ్య పోయి మళ్లీ బూడిదరంగు డబ్బా వచ్చింది. సారు మూడు రోజులు సెంటరుకు రాలేదు.

నాలుగో రోజు పొద్దున వచ్చి, “ఫోను గుంట కాడికి పోతాది, నా పాఠం పోదంటారు. సరే. నేనే పోతా” అన్నాడు. ఎలా సార్ అని అడిగితే సెంటరులో మూలనున్న కంప్యూటరు వైపు చూపించాడు.

ఎట్లా పోయామో చెబితే ఇప్పటికీ మా ఇంట్లో నవ్వుతారు. మానిటరుకు భార్య దుప్పటి చుట్టి, నైలాన్ తాడుతో మోపెడ్ ముందు భాగాన కట్టాడు. సీపీయూ బియ్యం సంచిలో వెనక సీటు మీద. యూపీఎస్ నా స్కూటీ మీద, కాళ్ల దగ్గర. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు అంటారే, మేము మొత్తం పిల్లుల సంసారాన్ని పెట్టుకుని పోయాం. దారిలో ఒక పెద్దాయన మమ్మల్ని ఆపి, టీవీ రిపేరుకు ఎంత తీసుకుంటారని అడిగాడు. సారు చాలా ఓపికగా ఇది టీవీ కాదని చెప్పి, ఏమిటో కూడా చెప్పాడు. పావుగంట పట్టింది.

అలా ఎనిమిది గుంటలకు పోయాం. బాగానే జరిగింది. తొమ్మిదోదాని సంగతి చెప్పాలి. ఆ రోజు పొద్దుటి నుంచి మబ్బు పట్టి ఉంది. ఎండ లేదు, ఆకు కదలడం లేదు. ఆసామి మమ్మల్ని ఎదురొచ్చి పిలుచుకుపోయాడు. మోటారు షెడ్డు వరండాలో స్టూలు వేసి, దాని మీద కొత్త టవలు పరిచి మానిటరు పెట్టించాడు. గుంటలో నాలుగు ఏరియేటర్లు నీళ్లను చిలుకుతూ తిరుగుతున్నాయి. అవి తిరుగుతుంటే వోల్టేజీ పడిపోతోంది. యూపీఎస్ కీకీమని అరుస్తోంది, కంప్యూటరు వెలిగినట్టే వెలిగి ఆరిపోతోంది. సారు మూడుసార్లు వెలిగించాడు. మూడుసార్లూ రొయ్య సగం ఈది మాయమైంది. ఆసామి మొహం చిన్నబోయింది. ఇంత దూరం శ్రమపడి వచ్చిన సారుకు తన కరెంటు వల్ల అవమానం జరుగుతోందని ఆయన బాధ. పక్కకు తిరిగి పనివాడి చెవిలో ఏదో చెప్పాడు. నిమిషం తర్వాత కట్ట మీద చప్పుడంతా ఆగిపోయింది.

కంప్యూటరు నిలకడగా వెలిగింది. “ఆఁ, ఇప్పుడు కరెంటుకు బుద్ధొచ్చినాది” అన్నాడు సారు తృప్తిగా. ఎందుకొచ్చిందో ఆయన అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ రోజు పాఠం పేరు ‘మబ్బు రోజు’. ఎండ లేని రోజు నీళ్లలో గాలి తక్కువవుతుంది, ఏరియేటర్లు ఆపకూడదు, ఆపితే రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి అని చెప్పే పాఠం. ఏడుగురు మనుషులు స్టూలు చుట్టూ మూగారు. ఒకాయన నొక్కాడు, తప్పు నొక్కాడు, తెర మీద రొయ్యలు తేలాయి. అయ్యయ్యో అన్నారు అందరూ. ఇంకొకాయన నొక్కాడు. “తేలతా ఉండాయి, తేలతా ఉండాయి, తిప్పు ఏరియేటరు” అని వెనకవాళ్లు తొందర పెడుతున్నారు. సారు నుదుటికి చెమటలు పట్టాయి, ఆనందంతో. పాఠం అరగంట దాటి ముప్పావుగంట అయింది.

గుంట అంచున రమణమ్మ చెక్ ట్రేలు కడుగుతూ ఉంది. ఆమె, ఆమె మొగుడు ఆ గుంట కాపలా చూసుకుంటూ కట్ట మీద కొట్టంలోనే కాపురం. చదువు లేదు. ఆమె గొంతు పెంచలేదు, చేస్తున్న పని వదిలి లేచి నిలబడింది.

“సారూ, ఆ బొమ్మలో రొయ్యల్ని తర్వాత బతికిద్దురు గానీ, ఈడ గుంటలో రొయ్యలు పైకొచ్చేసినాయి.”

అందరం తిరిగి చూశాం. అంచు పొడుగునా నీళ్ల మీద మీసాలు. వందలు, వేలు. తెర మీద ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి, ఆయన అంత బాగా గీశాడు. మనుషులు స్టూలు తన్నుకుంటూ పరుగెత్తారు. అందరికన్నా ముందు కదిలింది సారే. ఏరియేటర్ల స్విచ్చు ఎక్కడుందో ఆయనకు తెలియదు, తెలిసినదొక్కటే, తన కంప్యూటరు ప్లగ్గు. దాన్ని గోడ నుంచి ఊడబెరికి చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. ఏరియేటర్లు తిరిగాయి, నీళ్లు తెల్లగా లేచాయి. గంటకల్లా రొయ్యలు కిందికి దిగాయి. పోయినవి దోసెడే. ఆసామి వచ్చి, “మీకు మర్యాద చేద్దామని ఆపించినా సారూ, తప్పు నాది” అన్నాడు. సారు అప్పటికీ ప్లగ్గు వదల్లేదు. నేను వేళ్లు విడదీసి తీసుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు మోపెడ్‌ను రెండుసార్లు ఆపాడు. రెండోసారి, “ఆమె లేకపోతే ఏమయ్యుండేదమ్మా” అన్నాడు. మా ఇద్దరికీ ఆ పాఠం కంఠస్థం.

ఇంకెవరైనా అయితే ఈ సంగతి బయటికి రానివ్వరు. ఆయన మరుసటి రోజే కొత్త సీను మొదలుపెట్టాడు. అందులో కట్ట మీదికి మోపెడ్ మీద ఒక మనిషి వస్తాడు. బట్టతల, కళ్లజోడు, మోపెడ్ ముందు దుప్పటి మూట. ఆ మనిషిని నొక్కితే ఏరియేటర్లు ఆగిపోతాయి, రొయ్యలు తేలతాయి. “రొయ్యలు పోయినాయి. మళ్లీ మొదలుపెట్టు.” ఆ తల గీసే పని నాకు ఇచ్చాడు. నేను మర్యాదకోసం చెవుల పైన నాలుగు వెంట్రుకలు ఉంచాను. కళ్లజోడు నుదుటి మీదికి పోయింది. “రొయ్యకు ఉన్న కాళ్లు తీసేసేదానివి, నాకు లేని జుట్టు పెడతా ఉండావా?” అన్నాడు. తీసేశాను. ఆ సీను తెరిస్తే చాలు, గుంటల వాళ్లు నేను నొక్కుతా నేను నొక్కుతా అని పోటీపడేవాళ్లు. రమణమ్మ ఒక్కతే నాలుగుసార్లు నొక్కింది. “సారు వచ్చినాడంటే మన రొయ్యలు పైకొచ్చి దండం పెడతాయి” అంది. ఆయన అందరికన్నా పెద్దగా నవ్వాడు.

తర్వాత మా ఆయనకు నెల్లూరు బదిలీ అయింది. నేను అక్కడ ఒక ఆఫీసులో చేరాను. ఫోన్లలో ఆడే యాప్‌లు చేసే ఆఫీసు. సారుకు చెప్పడానికి నెల రోజులు వెనకాడాను. చెబితే, “శత్రువు ఇంట్లో అన్నం తింటా ఉండావన్నమాట. తిను, కడుపునిండా తిను. ఇరవై కాళ్లు మాత్రం మరిచిపోబాక” అన్నాడు.

కొన్నేళ్లకు, ఫ్లాష్‌ను పూర్తిగా నిలిపేస్తున్నారని వార్త వచ్చింది. ఫోన్లు దిగిరాలేదు. కంప్యూటర్లు కూడా ఫోన్ల వైపే పోయాయి. ఆ వార్త వచ్చిన వారానికి సారు మా ఆఫీసుకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని, గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. జేబులో నుంచి పెన్‌డ్రైవ్ తీశాడు. దానికి పసుపు దారం కట్టి ఉంది, పారేసుకోకుండా.

“నలభై రెండు సీన్లు ఉండాయి. నీ ఫోన్లో పట్టేట్టు చేస్తావామ్మా?” అన్నాడు.

ఏ ఫోనైతే దిగొస్తుందని ఇన్నేళ్లూ చెప్పాడో, దాని గుమ్మం దాకా ఆయనే దిగి వచ్చాడు. “చేద్దాం సార్, ఎండాకాలం సెలవులకల్లా అయిపోతుంది” అన్నాను. ఆయన నా మాట నమ్మి, మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయాడు. భోజనానికి కూడా ఆగలేదు.

నేను చెయ్యలేదు. సాకులు చాలా ఉన్నాయి, ఒకటీ చెప్పను. అంతా మొదటి నుంచి గీయాలి. మూడు ఆదివారాలు కూర్చున్నాను. రొయ్య పద్నాలుగు కాళ్ల దాకా వచ్చి ఆగిపోయింది. ఆ ఫైలు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఆ తర్వాత ఒకసారి కోట వెళ్లినప్పుడు ఆయన్ని చూడ్డానికి వెళ్లాను. సెంటరు మూసేసి, ఒక కంప్యూటరు ఇంట్లో పెట్టుకున్నాడు. దాని ఇంటర్నెట్ వైరు పీకేసి, చుట్ట చుట్టి మేకుకు తగిలించాడు. ఏ అప్‌డేటూ లోపలికి రాకుండా. తెర మీద గుంట ఉంది, రొయ్య ఈదుతోంది. నాకు ఆశ్చర్యమేసింది. ఎక్కడా ఆడని ఫ్లాష్ ఈ గదిలో ఆడుతోంది. మూలన తేదీ చూస్తే పాత ఏడాదిది.

“సార్, తేదీ తప్పుంది.”

“అదే రైటు” అన్నాడు. ఒక తేదీ దాటితే తనంతట తానే ఆగిపోయేట్టు ప్లగ్ఇన్‌ను చేశారట. అందుకని ఆయన ఆ తేదీని రానివ్వడం లేదు. దగ్గరికి వచ్చిందనగానే క్యాలెండర్ వెనక్కి జరుపుతాడు. ఆ కంప్యూటర్లో అదే ఉగాది మూడోసారి వచ్చిందని ఆయన భార్య చెప్పింది. “నా వయసు కూడా అందులో పెట్టి జరపమంటే జరపడు. ఆ భాగ్యం రొయ్యలకే” అంది. అందరం నవ్వాం. ఆయన నన్ను పెన్‌డ్రైవ్ గురించి అడుగుతాడని వచ్చినప్పటి నుంచి భయపడుతూనే ఉన్నాను. అడగలేదు. పాప చదువు గురించి అడిగాడు, మా అత్తగారి మోకాలి నొప్పి గురించి అడిగాడు. అడిగి ఉంటే బాగుండేదని ఇంటికొచ్చాక ఏడ్చాను.

దినం అయిన నాలుగు రోజులకు వెళ్లాను. ఆయన భార్య కాఫీ ఇచ్చి, లోపలి గదిలోకి తీసుకెళ్లి కంప్యూటరు మీది గుడ్డ తీసింది. వెలిగించాను. పాఠం తెరిచాను. బూడిదరంగు డబ్బా వచ్చింది. మూలన తేదీ చూశాను. ఈ రోజుదే.

“నేనే సరిచేసినాను. ఎట్ట జరపాలో నాకు నేర్పిపెట్టినాడు లే” అంది.

“వెనక్కి జరిపితే ఆడుతుందక్కా. ఒక్క నిమిషం” అని మౌస్ మీద చెయ్యి వేశాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“వద్దమ్మా. ఆయన పోయిన తేదీ ఒకటి ఉండాది గదా. దాన్ని దాటినాం. ఇంక వెనక్కి జరపగూడదు.”

నేను అప్పుడు ఆమెకు అంతా చెప్పేశాను. పెన్‌డ్రైవ్, పద్నాలుగు కాళ్లు, ఎండాకాలం సెలవులు. సారు పాఠాలు నా చేతుల్లోనే పోయాయక్కా అన్నాను. ఆమె నన్ను ఓదార్చలేదు. తిట్టనూ లేదు. కాసేపు కాఫీ గ్లాసులు సర్దింది.

“యాడ పోయినాయి? రమణమ్మ కాడ నడస్తా ఉండాయి గదా. పోయి చూడు” అంది.

రమణమ్మ దగ్గర పాత కంప్యూటరు ఎవరిదైనా ఉందేమో అనుకున్నాను. ఆటో మాట్లాడుకుని గుంట దగ్గరికి వెళ్లాను. ఏరియేటర్లు తిరుగుతున్నాయి. మోటారు షెడ్డులో కంప్యూటరు లేదు. రమణమ్మ కట్ట మీద గొంతుక్కూర్చుని ఉంది, జుట్టు నెరిసింది. ఆమె ఎదురుగా కొత్తగా పనిలో చేరిన మొగుడూ పెళ్లాలు, ముప్పై లోపు వాళ్లు. ముగ్గురి మధ్యా తడిమట్టిలో పుల్లతో గీసిన గుంట. నాలుగు మూలలా నాలుగు సీసా మూతలు, అవి చెక్ ట్రేలు. మధ్యలో చింతగింజలు, అవి రొయ్యలు. ఆ అమ్మాయి పిడికిట్లో ఇసుక, అది మేత. నన్ను చూసి రమణమ్మ, “కూచోమ్మా, అయిపోతాది” అంది, గుర్తుపట్టి కూడా ఆట ఆపలేదు.

ఆ అమ్మాయి మూతలో చూసింది. మూతలో ఇసుక మిగిలి ఉంది. అయినా పిడికెడు వేసింది. రమణమ్మ అరచేత్తో చింతగింజలన్నీ ఊడ్చేసింది.

“రొయ్యలు పోయినాయి. మళ్లీ మొదలుపెట్టు.”

అచ్చం ఆ గొంతే. తిట్టు లేదు, వెక్కిరింపు లేదు. ఆ అమ్మాయి నవ్వి గింజలు మళ్లీ పేర్చింది. నేను చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

గీసిన గుంట కట్ట మీద గుండ్రటి రాయి ఒకటి ఉంది, నున్నగా ఉంది. అది దేనికి గుర్తో నాకు అర్థం కాలేదు. కొత్తగా పనిలో చేరిన అతనికీ కాలేదు.

“ఇదేందక్కా?” అని వేలు పెట్టబోయాడు.

రమణమ్మ అతని చెయ్యి పక్కకు తోసింది.

“ఆయన మా సారు. ఆయన కట్ట మీదికి వస్తే కూచోమని మంచినీళ్లియ్యి. ఏరియేటరు మాత్రం ఆపబాక” అంది.